పిఠాపురం ఆవకాయ

మా మండలం పేరు యు. కొత్తపల్లి. ఆ 'యు' అంటే మా ఊరు, ఉప్పాడ. తెలుగునేల మీద కొత్తపల్లులు ఎన్నున్నాయో లెక్కపెట్టిన మొనగాడు ఉండి ఉండడు. అందుకని ఇది ఏ కొత్తపల్లో తెలియడానికి మా ఊరి మొదటి అక్షరం తెచ్చి, చుక్క పెట్టి, ముందు అతికించారు. రేషన్ కార్డు మీదా అదే, కరెంటు బిల్లు మీదా అదే, నా టెన్త్ సర్టిఫికెట్ మీదా అదే. ఆ అక్షరం వదిలేస్తే ఉత్తరం ఇంకో కొత్తపల్లికి పోతుందని చెప్పి, చిన్నప్పుడే మా నాన్న నాతో పలక మీద పదిసార్లు రాయించాడు.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, పేరొకటే అయినంత మాత్రాన ఊరొకటే కాదన్న సంగతి నాకు తెలిసినంత బాగా యూరప్‌లో తిరిగే ఏ ఇండియావాడికీ తెలిసి ఉండకూడదు. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి. బెర్లిన్ దాటాక పని పడుతుంది.

మేం నలుగురం. కాకినాడలో ఇంజనీరింగ్ కలిసి చదివాం. హాస్టల్లో మొదటి నెలలోనే పేర్లు పోయి ఊళ్ళు మిగిలాయి. ఒకడు పిఠాపురం, ఒకడు సామర్లకోట, ఒకడు యానాం, నేను ఉప్పాడ. ఉద్యోగాలొచ్చి, హైదరాబాద్‌లో స్థిరపడి, ఇద్దరికి పెళ్ళిళ్ళయినా పిలుపు మారలేదు. 2019 మే నెలాఖర్లో పదిహేను రోజులు యూరప్ వెళ్దామన్నది నా ఆలోచన. హోటళ్ళు వద్దు, ప్యాకేజీ టూరు వద్దు, వీపున సంచి వేసుకుని పోదామన్నదీ నేనే. టూరిస్టు పెట్టె మోస్తాడు, యాత్రికుడు తనను తాను మోసుకుంటాడు అని గ్రూపులో రాశాను. సామర్లకోట వాడు దానికి దణ్ణం బొమ్మ పెట్టాడు. అది పొగడ్తనుకున్నాను.

మొగల్తూరు నుంచి బయల్దేరిన బారిస్టర్ పార్వతీశాన్ని మొక్కపాటివారు 1924లో సృష్టించారు. సీమకు పోతూ ఆడవాళ్ళ టోపీ కొనుక్కున్న ఆ మహానుభావుణ్ణి చూసి నేను కాలేజీ రోజుల్లో పొట్టచెక్కలయ్యేలా నవ్వాను. పాపం, ఆయన జేబులో దారి చూపే ఫోను లేదు. నా జేబులో ఉంది.

వీసాకి అప్పట్లో అరవై యూరోలు, ముప్ఫై వేల యూరోలకు తగ్గకుండా బీమా. అంటే నాకేదైనా అయితే ఇరవై మూడు లక్షల పైచిలుకు. ఆ కాగితం మా అమ్మకు గొప్పగా చూపించాను. ఆవిడ చదివి, "ఇంత డబ్బు ఇస్తామంటున్నారంటే అక్కడ ఏదో ప్రమాదం ఉంది నాయనా" అంది.

విమానాల్లో సంచి బరువు తూస్తారు కాబట్టి ఏడు కిలోలు మించరాదని నేనే శాసనం చేశాను. బయల్దేరే ముందు రెండు రోజులు ఇంట్లో ఉందామని ఉప్పాడ వచ్చాను. ఆ నెల మూడో తేదీనే ఫణి తుఫాను పూరీ దగ్గర తీరం దాటింది. కాకినాడ నుంచి మా ఊరొచ్చే బీచ్ రోడ్డును సముద్రం కొరకడం మాకు ఏటా ఉండేదే. అలలకు అడ్డంగా రాళ్ళు పోశారు, ఇసుక నింపిన పెద్ద ట్యూబులు వేశారు, ఏం చేసినా అది తినేది తింటూనే ఉంది. తుఫాను తగ్గాక మా వాళ్ళు కొందరు ఆ ఇసుకలో బంగారం రవ్వలు వెతుక్కోవడమూ ఉంది. నేను ఆటోలోంచి సముద్రాన్ని చూసి, 'ఒక సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి, ఇంకో సముద్రం చూడబోతున్నాను' అని ఫోన్లో రాసుకున్నాను. ఆ వాక్యం ఇప్పటికీ ఉంది, తీసెయ్యలేదు. శిక్షగా ఉంచాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ మూట కట్టేసింది. అప్పుడే కలిపిన కొత్తావకాయ ప్లాస్టిక్ డబ్బాలో కిలో పైనే. కొత్తపల్లి కొబ్బరి కాయ, పప్పునూనె. ఆ కొత్తపల్లి మాదేనని అమ్మ వాదన. ఇంకా కందిపొడి, కరివేపాకు కారం, జంతికలు. నాన్న తన వంతుగా మడత విప్పని పెద్ద నూలు తువ్వాలొకటి దాని మీద పెట్టాడు. మాది మగ్గం ఇల్లు. నాన్న నేసేది పట్టు జాందానీ. తువ్వాళ్ళు నెయ్యడు గానీ మంచి తువ్వాలేదో ఆయనకి చేత్తో తాకితే తెలుస్తుంది.

"ఇవన్నీ అక్కడ దొరుకుతాయమ్మా" అన్నాను. దొరకవని నాకు తెలుసు.

"దొరికితే దొరికాయి. ఇవీ ఉండనీ. బరువేం కాదు."

తూశాను. మూడు కిలోల ఎనిమిది వందలు. నా శాసనంలో సగానికి పైన. మాట్లాడకుండా సంచిలో పెట్టాను. నాన్న భోజనానికి లేచాక, అమ్మ వంటింట్లోకి వెళ్ళాక, మూట తీసి మంచం కింద, పాత కండెల బుట్ట వెనక్కి తోసేశాను. దాని స్థానంలో ఏం పెట్టానో కూడా చెప్పాలి కదా, స్వగతమన్నాక. ఫోను ఛార్జు చేసే డబ్బాలు రెండు, తోలు అట్ట వేసిన డైరీ ఒకటి, ఇంకా హైదరాబాద్‌లో పద్నాలుగు వందలు పెట్టి కొన్న, చేతి రుమాలంత మడతపడే ట్రావెల్ తువ్వాలు.

జాందానీ చీరకు ముందూ వెనకా తేడా ఉండదు. పూవు అటు ఎలా ఉంటుందో ఇటూ అలాగే ఉంటుంది. ఒక్కో పూవుకి విడిగా చిన్న చిన్న కండెలు పడుగులో దూర్చి చేత్తో తిప్పుతారు కాబట్టి వెనక దారాలు వేలాడవు. మా ఊరికి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది ఆ పనితనానికే. ఆ మగ్గం పక్కనే పెరిగిన నేను మాత్రం ఎదుట "సరేనమ్మా" అని, వెనక మంచం కింద దారాలు వేలాడదీసి, సాయంత్రం గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కడానికి కాకినాడ వెళ్ళిపోయాను. పిఠాపురం, సామర్లకోట ఇద్దరూ సామర్లకోటలో ఎక్కారు. పిఠాపురం వాడి సంచి ఉబ్బి ఉంది. "ఏంట్రా, ఊరు ఖాళీ చేసి వస్తున్నావా?" అన్నాను. వాడు ఏమీ అనలేదు. నవ్వాడు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగాం. మొదటి రోజు పొద్దున్నే స్నానం. నా పద్నాలుగు వందల తువ్వాలుతో ఒళ్ళు తుడుచుకుంటుంటే నీళ్ళు ఇక్కణ్ణుంచి అక్కడికి జరిగేవి గానీ పోయేవి కావు. ఎంత తుడిచినా అదే నీరు ఒంటి మీద ఊరేగుతోంది. చివరికి కింద కౌంటర్‌లో మూడు యూరోలిచ్చి తువ్వాలు అద్దెకు తీసుకున్నాను. డచ్చివాళ్ళు మూడు నాలుగు వందల ఏళ్ళ కిందట సముద్రాలు దాటి వచ్చి మా వైపు కోఠీలు పెట్టుకున్నది గుడ్డ కోసం. కాకినాడ జగన్నాథపురంలో వాళ్ళు ఉన్నదీ అందుకే. అలాంటి గోదావరి తీరం నుంచి, అందులోనూ నేతగాడి ఇంటినుంచి వెళ్ళి వాళ్ళ ఊళ్ళో తువ్వాలు అద్దెకు తీసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణేనేమో.

రెండు రోజులు బ్రెడ్డు, చీజు, ఆపిల్ పండ్లు. యాత్రికుడు స్థానిక ఆహారం తింటాడు అని ఇంకో సూక్తి వదిలాను. మూడో రోజు సాయంత్రం సామర్లకోట వాడు సంచి అడుగునుంచి బుజ్జి రైస్ కుక్కర్ తీశాడు. మూడు కాళ్ళ ప్లగ్గు వాళ్ళ సాకెట్‌లో దూరదు. వాడు పరుగెత్తికెళ్ళి అడాప్టర్ కొనుక్కొచ్చాడు. హాస్టల్ వంటగదిలో అన్నం ఉడుకుతుంటే ముగ్గురూ ఆవిరి చుట్టూ చేరారు. నేను కొంచెం దూరంగా నిలబడి డైరీ రాస్తున్నట్టు నటించాను. పిఠాపురం వాడు డబ్బా మూత తీశాడు.

ఆవపిండి ఘాటు ముక్కుకి తగలగానే డైరీ ఎక్కడ పెట్టానో తెలియదు.

మొదటి ముద్ద గురించి ఇంతకంటే రాయను, తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. రెండోసారి, మూడోసారి కలుపుకున్నాను. ఆ తబ్బిబ్బులోనే ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ అర్ధరాత్రి అవుతోందన్న స్పృహ కూడా లేదు.

"ఆవకాయ సరిపోతోందా నాన్నా?" అంది అమ్మ.

"ఆ, తింటున్నామమ్మా." అంతవరకు అబద్ధమే. అక్కడితో ఆగితే మామూలు వెధవగా మిగిలేవాణ్ణి. ఆగలేదు. "కానీ ఏమనుకోకమ్మా, పిఠాపురం వాళ్ళమ్మ పెట్టింది ఇంకా బాగుంది. ఉప్పూ కారం సరిగ్గా సరిపోయాయి. నువ్వు ఉప్పు ఒక పిసరు ఎక్కువేస్తావు చూడు."

కాసేపు మాట లేదు. తర్వాత, "అలాగా? ఈసారి కనపడితే ఆవిణ్ణి అడుగుతాలే, ఎంత వేస్తుందో" అంది.

పక్కనే కూర్చున్న పిఠాపురం వాడికి పొలమారింది. కారం గొంతుకడ్డం పడిందనుకుని వీపు మీద తట్టాను.

పారిస్‌లో భాషకు మాకు బెంగ లేదు. యానాం వాడున్నాడు. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న ఊరు వాడిది. వాళ్ళ తాతగారు ఫ్రెంచి కచేరీలో గుమాస్తా చేశారట. మనవడికి మాత్రం వారసత్వంగా రెండే మాటలు వచ్చాయి, బోంజూర్, మెర్సీ. మిగిలినదంతా వాడు తెలుగునే కాస్త ముక్కుతో మాట్లాడేవాడు. ఆ ఏప్రిల్‌లోనే నోత్రదామ్ చర్చి కప్పు కాలిపోవడంతో చుట్టూ కంచె కట్టారు. బయట నిలబడి చూసి వచ్చేశాం. ఐఫెల్ టవర్ గురించి రాయను. అందరూ చూసిందే మేమూ చూశాం. మరుగుదొడ్లలో నీళ్ళ సంగతి కూడా ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటాను: ఖాళీ వాటర్ బాటిల్‌ని మేం నలుగురం ప్రాణంలా దాచుకున్నాం, వంతులేసుకుని మోశాం.

మోమార్త్ర్ కొండ కింద గుడ్డల కొట్లు వరసగా ఉంటాయి. మా అమ్మకి చూపిద్దామని ఫొటోలు తీస్తుంటే ఒక తాను మీద 'మదపోలం' అని రాసి ఉంది. తెల్లటి నూలు గుడ్డ. సామర్లకోట వాడు, "నువ్వు నేతగాడి కొడుకువి కదరా, ఇదేం గుడ్డ?" అన్నాడు. నాకు తెలియదు. తెలియదని చెప్పే అలవాటూ లేదు. తానుని వేళ్ళతో నలిపి, వెలుతురులోకి పట్టుకుని, "పోలెండ్ సరుకు. పేరులోనే ఉంది చూడు, పోలం" అన్నాను. వాళ్ళు తలూపారు. నేను ఇంకాస్త ముందుకెళ్ళి, చలిదేశం కాబట్టి నేత బిగువుగా ఉంటుందని కూడా వివరించాను.

ఆ రాత్రి సామర్లకోట వాడు ఫోన్లో ఏదో చదువుతూ పడీపడీ నవ్వడం మొదలుపెట్టాడు. మదపోలం అంటే మాధవాయిపాలెం. నరసాపురం పక్కనే, గోదావరి రేవు. ఒకప్పుడు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్ళు అక్కడ కోఠీ పెట్టి ఆ గుడ్డ ఓడలకెత్తారు. ఊరి పేరు గుడ్డకి అంటుకుని, గుడ్డతో పాటు సముద్రం దాటి, ఫ్రెంచి నిఘంటువులో స్థిరపడింది. మా చుట్టాలు నరసాపురంలో ఉన్నారు. ఆ రేవులో పంటు ఎక్కి నేను రెండుసార్లు గోదావరి దాటాను. "పోలెండ్ వెళ్ళినప్పుడు నరసాపురం బస్సు దొరుకుతుందేమో కనుక్కోరా" అన్నాడు పిఠాపురం వాడు. తలుచుకుంటే నిజంగానే పోలెండ్ తీసుకెళ్ళాను వాళ్ళని, అది తర్వాత.

ఇక సాన్-మాలో. ఫ్రాన్సు వాయవ్య తీరాన కోటగోడల మధ్య కట్టిన ఊరు. 1746లో ఇంగ్లీషువాళ్ళ దగ్గర్నుంచి మద్రాసు లాక్కున్న లా బూర్దొనే ఇక్కడే పుట్టాడని యానాం వాడు తన చుట్టం పేరు చెప్పినంత గర్వంగా చెప్పాడు. బీచ్ పొడుగునా వేల ఓక్ దుంగలు నిలువునా పాతి ఉన్నాయి, అలల జోరు విరగ్గొట్టడానికి. అవి చూడగానే నాలో ఉప్పాడ లేచింది. సముద్రపు కోత గురించి, మా జియోట్యూబు గోడ గురించి, మాయాపట్నం, సూరాడపేట వైపు ఇళ్ళు ఎలా పోయాయో పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆ ఉపన్యాసం విన్నవాడెవడైనా నేను పుట్టగానే తెప్ప ఎక్కానని నమ్మేవాడు. అసలు సంగతేమిటంటే మా వీధికీ సముద్రానికీ మధ్య ఐదు నిమిషాల నడక ఉన్నా, నేను దానితో చేసిన సావాసమంతా ఒడ్డున నిలబడి మొక్కజొన్న పొత్తు తినడమే. సముద్రం తెలిసినవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు, వేటకెళ్ళేవాళ్ళు. నేను వాళ్ళ దగ్గర చేపలు కొన్నాను, అంతే.

ఒడ్డుకు కాస్త దూరంలో గ్రాన్ బే అని ఒక రాతి దిబ్బ ఉంది. నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళు పరిచిన బాట పైకి తేలుతుంది, నడిచి వెళ్ళొచ్చు. 1848లో చనిపోయిన షాతోబ్రియాన్ అనే పెద్ద రచయిత సమాధి దాని కొసన ఉంటుంది. గాలీ సముద్రమూ తప్ప ఇంకేమీ వినపడని చోట పడుకోవాలని కోరి అక్కడ చోటు సంపాదించాడాయన. సమాధి మీద పేరు లేదు, ఉత్త శిలువ.

బాట మొదట్లో పెద్ద బోర్డు ఉంది. నాలుగైదు భాషల్లో. ఇంగ్లీషూ ఉంది. దాని ముందు నిలబడి నలుగురం ఫొటో దిగాం. చదవలేదు.

మధ్యాహ్నం మూడు దాటింది. మేం వెళ్తుంటే అందరూ తిరిగి వస్తున్నారు. అదైనా అనుమానం రావాలి కదా. "జనం తగ్గారు, మంచిదే" అన్నాను. ఇద్దరు పిల్లల్ని చెయ్యి పట్టుకుని గబగబా వస్తున్న ఒకావిడ మమ్మల్ని చూసి, సముద్రం వైపు చెయ్యి చూపించి, "మారే! మారే!" అని అరిచింది. యానాం వాడు చెయ్యి ఊపి, "మెర్సీ, మెర్సీ" అన్నాడు. ఏమందిరా అంటే, "స్వాగతం చెబుతోంది" అన్నాడు. ఫ్రెంచిలో మారే అంటే సముద్రపు పోటు. ఈ మాట నాకు ఇప్పుడు ఏ భాషలో అడిగినా తెలుసు.

పిఠాపురం వాడికి మాత్రం కొంచెం జంకు పుట్టింది. "ఒరే ఉప్పాడా, నీళ్ళు దగ్గరికొస్తున్నట్టు లేదూ?"

"పోటు అంటే ఇంతేరా. రెండడుగులు వస్తుంది, రెండడుగులు పోతుంది. సముద్రం గురించి నాకు చెబుతావా?"

మా తీరంలో ఆటుకీ పోటుకీ తేడా నిలువెత్తు మనిషికి మించదు. సాన్-మాలోలో పెద్ద పోటు రోజుల్లో పన్నెండు మీటర్లు దాటుతుంది. నాలుగంతస్తుల మేడ ఎత్తు. అది మా సముద్రంలా అల మీద అల వేసుకుంటూ, అరుచుకుంటూ రాదు. చప్పుడు చెయ్యకుండా గిన్నెలో నీళ్ళు నింపినట్టు పైకి లేస్తుంది. సమాధి చూసి, ఇంకో నలభై ఫొటోలు దిగి, గడ్డి మీద పడుకుని లేచి తిరిగొచ్చేసరికి బాట లేదు. మేం నడిచొచ్చిన రాళ్ళ మీద నీళ్ళు నల్లగా, లోతుగా, తాపీగా కదులుతున్నాయి. అవతలి ఒడ్డు కళ్ళెదుటే ఉంది. కోటగోడ మీద జనం ఐస్‌క్రీములు తింటూ మమ్మల్ని చూస్తున్నారు.

నేను ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాను. నాలుగడుగులు వేశానో లేదో నడుం దాకా వచ్చింది. ఆ చల్లదనానికి ఊపిరి ఆగింది. పిఠాపురం వాడు చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. అప్పుడు నేనన్న మాట కూడా ఒప్పుకోవాలి. "ఇది సముద్రం కాదురా, మోసం" అన్నాను.

బోర్డు ఫొటో మా ఫోన్లోనే ఉంది. పెద్దది చేసి చదివాం. దారి మునిగితే దాటే ప్రయత్నం చెయ్యకండి, మళ్ళీ నీళ్ళు తగ్గేదాకా దీవి మీదే ఉండండి అని చక్కగా రాసి ఉంది. లెక్కేస్తే ఆరు గంటల పైన.

మే నెలాఖరైనా అక్కడ గాలి మన జనవరి తెల్లవారుజాముని మించి ఉంది. నేను సగం తడిసి వణుకుతున్నాను. నా సంచి విప్పితే రెండు ఛార్జర్లు, ఒక డైరీ. తోలు అట్ట. పిఠాపురం వాడు మాట్లాడకుండా తన సంచిలోంచి పెద్ద నూలు తువ్వాలు తీసి నా భుజాల మీద కప్పాడు. జంతికల పొట్లం విప్పాడు. కందిపొడి కూడా ఉంది గానీ అన్నం లేదు. సామర్లకోట వాడు అరచేతిలో పోసుకుని నాకాడు. ఒడలు కాస్త వెచ్చబడ్డాక నా బుద్ధి మళ్ళీ బయటికొచ్చింది. తువ్వాలు అంచు వేళ్ళతో నలిపి చూసి, "మంచి సరుకురా. మంగళగిరి వైపుదయ్యుంటుంది" అన్నాను. పిఠాపురం వాడు నా వంక చాలాసేపు చూశాడు. ఏదో చెప్పబోయి, జంతిక నోట్లో పెట్టుకున్నాడు.

అక్కడ రాత్రి పది దాకా వెలుతురుంటుంది. కాబట్టి కోటగోడ మీదివాళ్ళకి మేం పది దాకా కనబడ్డాం. పదిన్నర దాటాక రాళ్ళు ఒక్కొక్కటే తేలాయి. షాతోబ్రియాన్ గారికి గాలీ సముద్రమూ మాత్రమే వినపడాలని కోరిక. ఆ ఆరు గంటలూ ఆయన వినరాని గోదావరి జిల్లా తిట్లన్నీ విన్నాడు. అన్నీ నన్ను ఉద్దేశించినవే.

ఇక బెర్లిన్. తిరుగు విమానం ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి, మధ్యాహ్నం రెండున్నరకి. బెర్లిన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి రైల్లో నాలుగు గంటల పైన పడుతుందనీ, టికెట్ ఖరీదనీ అందరూ చెప్పారు. నేను రాత్రంతా కూర్చుని వెతికితే గంట చిల్లరలో వెళ్ళే రైలు కనపడింది. టికెట్ కూడా కారుచౌక. ఇంతమందికి తెలియని రహస్యం నాకు దొరికిందని మురిసిపోయాను. ఊరి పేరు పక్కన బ్రాకెట్లో ఓడర్ అని ఉంది. మొదటి అక్షరం చూసి, ఓల్డ్ అయ్యుంటుంది, పాత ఊరి స్టేషను అనుకున్నాను.

యు. కొత్తపల్లి మండలంలో పుట్టినవాణ్ణి. పలక మీద పదిసార్లు రాసినవాణ్ణి.

జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లు రెండు. విమానాలెగిరేది మైన్ నది ఒడ్డున, పడమట. రెండోది ఓడర్ నది ఒడ్డున, తూర్పు కొసన, పోలెండ్ సరిహద్దు మీద. కలవకుండా ఉండాలనే పక్కన నది పేరు రాస్తారు, అచ్చం మా 'యు' లాగే. పదిన్నరకి దిగాం. స్టేషను మరీ ప్రశాంతంగా ఉంది. విమానాశ్రయానికి బస్సెక్కడ అని ఒక పెద్దాయన్ని అడిగాను. ఆయన టికెట్ చూశాడు, మా సంచులు చూశాడు, చెయ్యెత్తి మేం వచ్చిన దిక్కే చూపించాడు. ఆ చెయ్యి చాలా దూరం చూపించింది. వెనక్కి బెర్లిన్, అక్కణ్ణుంచి అసలు ఫ్రాంక్‌ఫర్ట్. ఎలా లెక్కేసినా రెండున్నరకి అందదు.

ఎవరూ తిట్టలేదు. సాన్-మాలోలోనే తిట్లు అయిపోయినట్టున్నాయి. ఎటూ విమానం పోయింది కదా అని నది మీద వంతెన దాటాం. అవతల స్లుబిత్సే. పోలెండ్. పాస్‌పోర్ట్ అడిగినవాడు లేడు. వంతెన దిగగానే వరసగా సిగరెట్ల కొట్లు, ఇవతలివాళ్ళంతా చౌకని అటు పోయి కొనుక్కుంటున్నారు. యానాం వాడి మొహం వెలిగిపోయింది. "ఒరే, ఇది మా ఊరేరా! చెక్‌పోస్టు ఒక్కటే తక్కువ" అన్నాడు. యూరప్ మొత్తంలో వాడు సొంతూరిలా తిరిగింది ఆ అరగంటే. సామర్లకోట వాడు ఒక కొట్టు దగ్గర ఆగి, చాలా గంభీరంగా, "ఇక్కడ మాధవాయిపాలెం గుడ్డ దొరుకుతుందా?" అని నన్నడిగాడు.

కొత్త టికెట్లు నలుగురికీ నేనే కొన్నాను. ఎంతయిందో ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు. నాన్న మగ్గం గుంటలో ఎన్ని నెలలు కూర్చుంటే ఆ డబ్బు వస్తుందో విమానంలో లెక్కవెయ్యబోయి, మధ్యలో ఆపేశాను.

రెండు రోజుల తర్వాత ఉప్పాడ చేరాను. అమ్మ చూడకముందే మంచం కింది మూట తీసి, ఏదో ఒకటి చెయ్యాలన్న ఆదుర్దాతో వచ్చీరాగానే గదిలో దూరి వంగాను. కండెల బుట్ట ఉంది. దాని వెనక ఏమీ లేదు.

పిఠాపురం వాడికి ఫోన్ చేశాను. నేను కాకినాడ ఆటో ఎక్కిన గంటకల్లా అమ్మ గది ఊడవబోయి మూట చూసిందట. వాడికి ఫోన్ చేసి, తెలిసిన ఆటో అబ్బాయితో పిఠాపురం పంపించిందట. పన్నెండు కిలోమీటర్లు. "వాడికి చెప్పకు బాబూ, సిగ్గుపడి తినడు" అందట. ఆవకాయ, కందిపొడి, జంతికలు, తువ్వాలు. ఆ తువ్వాలు మంగళగిరిది కాదు. మా వెనక వీధిది. పిఠాపురం వాళ్ళమ్మ ఆ ఏడాది ఆవకాయే పెట్టలేదు, ఇంట్లో మైలట.

భోజనానికి కూర్చున్నాను. నాన్న ఏమీ మాట్లాడలేదు. అమ్మ అన్నం వడ్డించి, జాడీ మూత తీసి, నా కంచంలో ముక్క వేసి, "ఉప్పు సరిపోయిందేమో చూడు" అంది.

ఆ జాడీని మా ఇంట్లో అప్పట్నుంచి పిఠాపురం ఆవకాయ అనే అంటారు. చుట్టాలొస్తే ఆ పేరెందుకో అడుగుతారు, అమ్మ నా వైపు చూపిస్తుంది. ఈ ఏడాదిది మొన్ననే కలిపింది. ఉప్పు సరిపోయింది.